గులాం రోజూ రాసిన వాక్యం

కంఠేశ్వర్, నిజామాబాద్
11 మే 2025

ఎర్రయ్యకు గులాం సలాం.

ఫోనులో ఏం చెప్పినా నీకు వినబడదు కాబట్టి కాగితం పట్టుకున్నాను. ఫ్యాక్టరీ బాయిలర్ల దగ్గర ముప్పై ఏళ్ళు చేసి చెవులు అక్కడే వదిలేసి వచ్చావు. ఒక విధంగా మంచిదే. కొన్ని సంగతులు గట్టిగా అరిచి చెప్పేవి కావు.

మూత్రంలో నెత్తురు మళ్ళీ కనబడింది. రెండుసార్లు లోపలికి గొట్టం పంపి గడ్డ గీకించుకున్నాను, నీకు తెలుసు. తర్వాత టీబీ టీకా మందునే మూత్రం సంచిలోకి ఎక్కించారు. కీమో ఇచ్చారు. అయినా ఆగలేదు. ఇప్పుడది సంచి గోడ దాటి పక్కనున్న గ్రంథులకు పాకిందట. నలభై ఏళ్ళు బోర్డులు రాశాను. రంగులు, టర్పెంటైను, నోట్లో బీడీ. కుంచె మొన పెదాలతో సన్నం చేసుకునే అలవాటు ఒకటి. దేనివల్ల వచ్చిందని అడిగితే డాక్టరు, ఇప్పుడది తెలుసుకుని ఏం చేస్తారు అన్నాడు.

ముంబైలో ఒక ఆస్పత్రిలో కొత్త వైద్యాన్ని పరీక్షిస్తున్నారు. మన నెత్తురులో రోగాలతో కొట్లాడే తెల్ల కణాలుంటాయి కదా, వాటిని బయటికి తీస్తారు. క్యాన్సరును గుర్తుపట్టేలా ల్యాబులో వాటిని మారుస్తారు. కోట్లలో పెంచి మళ్ళీ మన ఒంట్లోకే వదులుతారు. కొన్ని నెత్తురు క్యాన్సర్లకు ఇది పనిచేస్తోంది. మూత్రం సంచి క్యాన్సరుకు చేస్తుందో లేదో ఇంకా ఎవరికీ తెలియదు. నాది పదకొండో పేరు.

ముందు పదిమందిలో ఎంతమంది బాగయ్యారని అడిగాను. అక్కడి డాక్టరమ్మ నా వెంట వచ్చిన బిడ్డ మదీహా వైపు చూసింది.

గులాం

---

బోధన్
19 మే 2025

గులాంకు ఎర్రయ్య వందనాలు.

నీ ఉత్తరం ఇంట్లో మా బాలవ్వకు చదివి వినిపించాను. చెరుకులో కలుపు తీయడానికి పోవాల్సింది, పోలేదు. "గులాం భాయ్ బిడ్డను ఒక్కదాన్నే ఎంటబెట్టుకొని పోతడా? నువ్వు గూడ పో" అంది. నేను వస్తే ఎవరు ఎవరిని చూసుకోవాలి? ఆస్పత్రిలో పేరు పెట్టి పిలిస్తే నాకు వినబడదు.

మెహరున్నిసా వదినకు మోకాళ్ళ నొప్పి, ప్రయాణం కుదరదని తెలుసు. ఆమె ఒక్కతే అయిపోతుంది కదా, బాలవ్వ వారానికొకసారి నిజామాబాద్ వచ్చి చూసిపోతానంటోంది.

ఆ పదిమంది సంగతి నువ్వు రాయలేదు. డాక్టరమ్మ మదీహా వైపు చూస్తే మదీహా ఎటు చూసింది? అది రాయి. నా దగ్గర దాచకు. ఆరో తరగతి నుంచి ఒకే బల్ల మీద కూర్చున్నాం. నా నోటుబుక్కుల మీద పేర్లన్నీ నువ్వే రాసేవాడివి. నీ రాత చూస్తే నువ్వు ఏ మనసుతో ఉన్నావో నాకు తెలుస్తుంది. ఈ ఉత్తరంలో గీతలు గట్టిగా ఒత్తి రాశావు. కాగితం వెనక వేలు పెడితే తగులుతున్నాయి.

ఎర్రయ్య

---

ముంబై
6 జూలై 2025

ఎర్రయ్యకు సలాం.

మదీహా నేల వైపు చూసింది. పదిమందిలో ఇద్దరికి గడ్డలు పూర్తిగా పోయాయి. నలుగురికి కొంత తగ్గాయి. ఇద్దరికి ఏమీ కాలేదు. ఇద్దరు వైద్యం మధ్యలోనే పోయారు. రాయమన్నావు, రాశాను.

కిందటి నెల నా కణాలు తీసుకున్నారు. ఒక చేతి నుంచి నెత్తురు తీసి, యంత్రంలో తిప్పి, కణాలు వేరుచేసి మిగతాది రెండో చేతిలోకి పంపారు. నాలుగు గంటలు పట్టింది. అవి ల్యాబులో తయారవుతున్నాయి. ఆస్పత్రి దగ్గరే గది తీసుకుని నేనూ మదీహా ఎదురుచూస్తున్నాం.

ఇక్కడ లాతూరు మాస్టారొకాయన పరిచయమయ్యాడు. ఆయనది ఆరో పేరు. కణాలు ఎక్కించాక అయిదో రోజు జ్వరం, ఏడో రోజు భార్య పేరు మర్చిపోయాడట. ఆ కణాలు ఒంట్లో విజృంభిస్తే మెదడు మీద కూడా ప్రభావం పడుతుంది. వెంటనే స్టెరాయిడ్ ఇచ్చారు. మూడు రోజుల్లో తెలివి వచ్చింది. కానీ స్టెరాయిడ్ ఎక్కువైతే ఆ కణాలను కూడా అణిచేస్తుంది. మూడు నెలలకు రోగం తిరగబెట్టింది. ఇప్పుడు నొప్పి మందుల కోసం వస్తున్నాడు. "ఇంకో రెండు రోజులు ఆగుంటే" అన్నాడు. అదొక్కటే నాలుగుసార్లు అన్నాడు. డాక్టరమ్మను అడిగితే, ఆగుంటే అసలు మనిషే మిగిలేవాడు కాదేమో అంది.

ఎర్రయ్యా, నేను ఆ రెండు రోజులు ఆగుతాను.

తెలివి తప్పుతోందా అని రోజుకు రెండుసార్లు పరీక్ష పెడతారు. ఏ సంవత్సరం, ఏ నెల, ఏ ఊరు అని అడుగుతారు. పెన్ను, గడియారం, గుండీ చూపించి పేర్లు చెప్పమంటారు. నూరు నుంచి పదేసి తగ్గిస్తూ లెక్కించమంటారు. చివర ఏదైనా ఒక వాక్యం రాయమంటారు. మాస్టారు అన్నీ చెప్పాడు. ఇప్పటి నుంచే బట్టీ పడుతున్నాను. వాక్యం కూడా ఎంచుకున్నాను: "ఇచ్చట అన్ని రకముల విత్తనములు, ఎరువులు లభించును." మాక్లూర్ నుంచి బాల్కొండ దాకా ఎన్ని దుకాణాల మీద రాశానో లెక్కలేదు. నా తలకాయ పనిచేయకపోయినా చెయ్యి రాసేస్తుంది.

సిస్టర్ది కేరళ. మదీహా ఉర్దూ, ఇంగ్లీషే చదువుకుంది, తెలుగు అక్షరాలు రావు. ఆ వార్డులో తెలుగు చదివే మనిషి లేరు. వార్డులో చేరాక నా ఉత్తరాలు మదీహా ఫోటో తీసి నీ ఫోనుకు పంపుతుంది. నా రాతలో తేడా వస్తే తెలిసేది నీకొక్కడికే. అందుకే అడుగుతున్నాను. తెలిసినా ఎవరికీ చెప్పనని మాట ఇవ్వు.

గులాం

---

బోధన్
14 జూలై 2025

గులాంకు,

నీ ఉత్తరం చదివి రెండుసార్లు చించబోయాను.

మాట ఎందుకు అడుగుతున్నావు? రాయకుండా ఊరుకుంటే సరిపోయేది కదా. నాకు తెలియాలి, నేను మాత్రం నోరు మూసుకోవాలి. ఇదేం దోస్తీ?

నిన్న పాస్టరుగారి ముందు కూర్చుని ఏమీ చెప్పకుండా లేచి వచ్చాను. బాలవ్వ "ఏం రాసిండు భాయ్?" అని అడిగితే "వాన పడుతోందట" అన్నాను. పెళ్ళయిన నలభై రెండేళ్ళలో ఆమెతో చెప్పిన అబద్ధాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో ఇదొకటి.

నాకు ఇష్టం లేదు. అయినా ఒళ్ళు నీది, ప్రాణం నీది. మాట ఇస్తున్నాను.

ఎర్రయ్య

---

ముంబై
5 ఆగస్టు 2025

ఎర్రయ్యకు సలాం.

నిన్న ఎక్కించారు. ఎంత ఆర్భాటంగా ఉంటుందో అనుకున్నాను. అరచేతిలో పట్టే చిన్న సంచి, నీళ్ళలా ఉంది. పది నిమిషాల్లో అయిపోయింది. నోట్లో వెల్లుల్లి తిన్నట్టు వాసన వచ్చింది, కణాలను మంచులా గడ్డకట్టించి నిలవ చేసే మందు వాసనట. అంతకు ముందు మూడు రోజులు కీమో ఇచ్చి నా సొంత కణాలను తగ్గించారు. కొత్తవాటికి చోటు కావాలి కదా.

నన్ను అద్దాల గదిలో పెట్టారు. మదీహా అద్దం అవతల నుంచి చెయ్యి ఊపుతుంది. రోజుకు గంటసేపు లోపలికి రానిస్తారు.

ఇప్పటికైతే ఏమీ లేదు. ఆకలి కూడా వేస్తోంది. సిస్టర్ పొద్దున వాక్యం రాయమంది, రాశాను. "వెరీ నీట్ హ్యాండ్‌రైటింగ్" అంది. నలభై ఏళ్ళ పని అని చెప్పాను.

గులాం

---

ముంబై
8 ఆగస్టు 2025

ఎర్రయ్యకు,

నిన్నటి నుంచి జ్వరం. నూట మూడు దాటింది. మంచం కదిలేంత వణుకు వచ్చింది. బీపీ పడిపోయిందని ఒక మందు ఎక్కించారు. అది కణాల జోలికి పోదట, నయం.

డాక్టరమ్మ సంతోషంగానే ఉంది. జ్వరం వచ్చిందంటే కణాలు పని మొదలుపెట్టాయని అర్థమట. నడుము కింద ఏదో తవ్వుతున్నట్టుంది. భయమేస్తోంది, అయినా అది తవ్వుతూనే ఉండాలని కూడా ఉంది. మెహరున్నిసాకు జ్వరం సంగతి చెప్పవద్దు.

ఇచ్చిన మాట గుర్తుంది కదా.

గులాం

---

ముంబై
10 ఆగస్టు, ఆదివారం

ఎర్రయ్యకు ఎర్రయ్య సలాం.

ఇక్కడ అంతా బాగుంది. బాగుంది. జ్వరం దిగింది. పొద్దున సైరన్ కొట్టంగనే లేచిన. నువ్వు షిఫ్టుకు పోయినవా? గేటు మీద పేరు సగమే రాసిన, నిచ్చెన ఎవరో తీస్కపోయిండ్రు. కింద మా సైఫన్న నిలబడ్డడు. దిగుమంటున్నడు. దిగుత. మదీహా ఇంక బడి నుంచి రాలే. జ్వరం దిగింది అని చెప్పిండ్రు. బాగుంది.

గులాం

---

బోధన్
10 ఆగస్టు 2025

గులాంకు,

ఉత్తరం ఇప్పుడే చూశాను. చర్చికి బయలుదేరుతూ చూశాను.

ఫ్యాక్టరీ మూతబడి పదేళ్ళయింది, గులాం. సైరన్ లేదు. మీ సైఫన్నను కబరస్థాన్‌కు మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను. నువ్వు పరాచికానికి రాశావు కదా? నన్ను ఆటపట్టించడానికే రాశావు కదా?

ఒక్క పని చెయ్యి. మన హైస్కూలు హెడ్మాస్టరు పేరు రాసి పంపు. మా ఇద్దరు పిల్లల పేర్లు రాయి. ఇవి రాస్తే ఇంకేమీ అడగను. మదీహా ఈ ఫోటో నీకు చూపించగానే రాయి.

చూస్తూ ఉంటాను.

ఎర్రయ్య

---

ముంబై
11 ఆగస్టు

ఇచ్చట అన్ని రకముల ఇచ్చట అన్ని రకముల ఎర్రయ్య లభించును. నిచ్చెన. నిచ్చెన. ఇచ్చట అన్ని రకముల సైఫ్ ఇచ్చట అన్ని ఇచ్చట

---

బోధన్
12 ఆగస్టు 2025

గులాంకు,

ఇది నువ్వు చదివే రోజు రావాలని ప్రార్థన చేసి రాస్తున్నాను.

నిన్న పొద్దున నీ ఉత్తరం చూశాను. ఒక్కో అక్షరం బోర్డు మీద రాసినట్టే ఉంది, వంక లేదు, వరస తప్పలేదు. అది చూసి ఉన్నపళంగా లేచాను.

బస్సెక్కి మాక్లూర్ పోయాను. మా బిడ్డ దీవెన అక్కడి దవాఖానాలో ఏఎన్ఎం నర్సు కదా. నా వాలకం చూసి "బాపూ, ఏమైంది?" అని లేచి నిలబడింది. ఫోను చేతికిచ్చాను. చదివింది. "ఎన్ని దినాల సంది గిట్ల రాస్తుండు?" అని అరిచింది, నా చెవి దగ్గరికి వచ్చి. మదీహాకు ఫోను కలిపింది. మదీహా, "అబ్బా అన్నిటికీ ఠీక్ హై అంటున్నారు, పరీక్షలో వాక్యం కూడా రాశారు" అందట. డాక్టరమ్మను పిలిపించి దీవెన నీ ఉత్తరం హిందీలో చదివి వినిపించింది. డాక్టరమ్మ నీ దగ్గరికి వచ్చి, వేరే వాక్యం రాయమందట. నువ్వు నవ్వి మళ్ళీ విత్తనములే రాశావట. నీ పేరు అడిగితే గుండీ అన్నావట.

గంటలోపే మూర్ఛ వచ్చింది. ఐసీయూకు తీసుకుపోయారు. స్టెరాయిడ్ మొదలుపెట్టారు.

మాట తప్పాను.

ఎర్రయ్య

---

కంఠేశ్వర్, నిజామాబాద్
16 నవంబరు 2025

ఎర్రయ్యకు,

మూడు నెలలు రాయలేదు. రాయలేకపోవడం ఒక కారణం. కుడిచెయ్యి వణుకుతోంది, చూస్తున్నావు కదా గీతలు. దుకాణం తాళం శ్రావణ్‌కు ఇచ్చేశాను. నా దగ్గర పని నేర్చుకున్నవాడే, ఇప్పుడు ఫ్లెక్సీలు అచ్చు వేస్తాడు.

రెండో కారణం, రాయాలనిపించలేదు.

సెప్టెంబరులో స్కాను తీశారు. గ్రంథుల్లో గడ్డలు సగానికి సగం కరిగాయి. సగానికి సగం, ఎర్రయ్యా. ఏడు రోజుల్లో అవి చేసిన పని అది. ఆ తర్వాత నెత్తురు పరీక్ష చేస్తే ఆ కణాలు ఒక్కటి కూడా కనబడలేదు. పది రోజులు స్టెరాయిడ్ పోశారు మరి. కిందటి వారం మళ్ళీ స్కాను. గడ్డలు పాత సైజుకు వచ్చాయి. కాలేయంలో కొత్తది ఒకటి ఉంది. రెండోసారి ఎక్కించడానికి ఈ ప్రయోగ వైద్యంలో వీలు లేదట.

మదీహా నువ్వు నా ప్రాణం కాపాడావంటుంది. మెహరున్నిసా నీ పేరు మీద దువా చేస్తుంది. వాళ్ళు చెప్పేది నిజమే కావచ్చు. నేను నిన్ను అడిగింది ఒకే ఒక్కటి.

బాలవ్వను రావొద్దని చెప్పడం లేదు. నువ్వు మాత్రం కొన్నాళ్ళు రాకు.

గులాం

---

బోధన్
7 డిసెంబరు 2025

గులాంకు ఎర్రయ్య వందనాలు.

రావద్దన్నావు, రాలేదు. రాయవద్దనలేదు కాబట్టి రాస్తున్నాను. మా చెరుకు కొట్టారు. బయట ఫ్యాక్టరీ నుంచి వచ్చిన లారీ పొద్దున వెళ్ళిపోయింది. చేను బోసిగా ఉంది. కూర్చుని రాయకపోవడానికి వంక లేదిప్పుడు.

నీకు ఒక సంగతి చెప్పలేదు. దీవెనకు తెలుసు, మదీహాకు తెలియదు, బాలవ్వకు తెలియదు. ఆగస్టులో నీకు రాసిన ఉత్తరంలో సోమవారం పొద్దున చూశానన్నాను. సోమవారం ఉత్తరం చూసింది సోమవారమే. కానీ దానికి ముందు ఆదివారం ఒక ఉత్తరం వచ్చింది. నీకది గుర్తుండదు. అందులో నువ్వు సైరన్ విన్నానని రాశావు. సైఫన్న కింద నిలబడ్డాడని రాశావు. చదవగానే నాకు అర్థమైంది. పరాచికమేమో అని నీకు రాశాను గానీ, కాదని తెలుసు.

చర్చికి పోయాను. పాటలు పాడుతుంటే పెదాలు కదిపాను. సెలవని ఇంటికి వచ్చిన దీవెన నా పక్కనే కూర్చుంది. ఫోను జేబులోనే ఉంది. చేయి చాపి ఆమెకు ఇస్తే సరిపోయేది. ఇవ్వలేదు. నీకిచ్చిన మాట ఒకటే తలలో తిరిగింది. ఇంటికి వచ్చి అన్నం తిన్నాను. సాయంత్రం గేదెలకు నీళ్ళు పెట్టాను. నీ దగ్గర్నుంచి హెడ్మాస్టరు పేరు వస్తుందేమోనని ఫోను చూస్తూ కూర్చున్నాను.

తర్వాత డాక్టరమ్మ దీవెనతో చెప్పిందట. ఆదివారమే తెలిసుంటే రెండు మూడు డోసులతో ఆగిపోయేదేమో, కణాలు కూడా కొన్ని బతికేవేమో, కచ్చితంగా చెప్పలేం అని. మూర్ఛ దాకా వచ్చింది కాబట్టి పది రోజులు ఇవ్వాల్సి వచ్చిందని. దీవెన నాతో ఆ మాట చెప్పి, "బాపూ, ఆదివారం నీకు తెల్వదు కదా?" అంది. తెలుసని చెప్పాను. అప్పటి నుంచి ఆమె నాతో సరిగా మాట్లాడడం లేదు.

మాట నిలబెట్టుకుని ఉంటే నువ్వు పోయేవాడివి. మొదటిరోజే తప్పి ఉంటే బాగుపడేవాడివేమో. నేను రెండూ చేయలేదు. నువ్వు మాట తప్పానని కోపగించుకున్నావు. అసలు కోపగించుకోవాల్సింది దీనికి.

ఎర్రయ్య

---

కంఠేశ్వర్, నిజామాబాద్
11 జనవరి 2026

ఎర్రయ్యకు గులాం సలాం.

ఇది నేను చెబుతుంటే శ్రావణ్ రాస్తున్నాడు. కూర్చోలేకపోతున్నాను.

ఆదివారం సంగతి నాకు తెలుసు. అక్టోబరులో మదీహా ఫోనులో ఫోటోలు చూస్తుంటే నా ఉత్తరం కనబడింది, దాని కింద నీ జవాబు కూడా. రెండూ చదువుకున్నాను. నువ్వు చెబుతావా చెప్పవా అని చూశాను. నవంబరులో నేను అంత కటువుగా రాసింది అందుకే. నువ్వు మాట తప్పినందుకు కాదు. నువ్వు దాచినందుకు.

నీ ఉత్తరం వచ్చాక నెల రోజులు ఆలోచించాను. ఆ ఆదివారం నిన్ను చర్చిలో ఫోను జేబులో పెట్టుకుని కూర్చోబెట్టింది నేనే. నా భయం తీసుకొచ్చి నీ నోటికి కట్టాను. మాస్టారు మాట విన్నాను గానీ డాక్టరమ్మ మాట వినలేదు. సిస్టర్ను మోసం చేశాను, బిడ్డను మోసం చేశాను. తెలివి పోకముందే చేసిన పనులివన్నీ. నీది ఒక రోజు. నాది నెల.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదువు. మొన్న డాక్టరమ్మ మదీహాకు ఫోను చేసింది. నా సంగతి తర్వాత అక్కడ పద్ధతి మార్చారట. రోజూ ఒకే వాక్యం రాయనివ్వరు. రోగి భాష చదివే మనిషి ఒకరు ప్రతి పూటా రాత చూడాలి. వచ్చే నెల పెంటవ్వ అని బాల్కొండ నుంచి ఒకామె ఇదే వైద్యానికి పోతోంది. బీడీలు చుట్టేది. ఆమె కొడుకు సురేందర్ దుబాయిలో ఉన్నాడు, ఆమె రాసింది చదివి చూసేందుకు ఇక్కడ ఎవరూ లేరు. తెలుగు చదివేవాళ్ళు కావాలని డాక్టరమ్మ అడిగితే నీ పేరు చెప్పాను, రాత ఫోటో నీ ఫోనుకు వస్తుంది. నిన్ను అడగకుండానే చెప్పాను.

ఆమె నిన్న మా ఇంటికి వచ్చింది. "గా ఎర్రయ్య మంచోడేనా భాయ్?" అని అడిగింది. నీ గురించి అంతా చెప్పాను, ఆదివారంతో సహా. "అయితే ఇగ ఆగడు" అంది.

ఆమె నిన్ను ఏ మాటా అడగదు. అడిగినా ఇవ్వకు.

వచ్చే వారం వస్తానని బాలవ్వతో చెప్పి పంపావట. అంతవరకు ఆగకు, ఎర్రయ్యా. ఈ ఉత్తరం అందిన రోజే బస్సెక్కు. నిద్రపోతూ ఉంటే లేపు.

గులాం